సార్క్ ఎందుకు ఆగిపోయింది? బిమ్‌స్టెక్ ఆ లోటు తీరుస్తుందా?

చిక్కంతా దక్షిణాసియా దేశాల సహకార సంఘమైన సార్క్ చార్టర్ పదో అధికరణలో ఉంది. ప్రతి నిర్ణయం ఏకగ్రీవంగా జరగాలి, ద్వైపాక్షిక వివాదాలు చర్చకు రాకూడదు. అంటే ఎనిమిది దేశాల్లో ఒక్కటి కాదన్నా పని ఆగుతుంది. ఎందుకు కాదంటోందో అక్కడ తేల్చుకునే వీలూ లేదు. 2014 కాఠ్మండూ శిఖరాగ్ర సమావేశంలో, ఒక దేశపు వాహనాలు మరో దేశంలోకి వెళ్లేందుకు వీలిచ్చే మోటారు వాహనాల ఒప్పందం పాకిస్తాన్ సిద్ధంగా లేక నిలిచిపోయింది. 2016లో కశ్మీర్‌లోని ఉరీలో భారత సైనిక శిబిరం మీద దాడి తర్వాత ఇస్లామాబాద్ సమావేశం జరగలేదు, ఆ తర్వాత మరొకటీ లేదు.

వాహనాల ఒప్పందాన్ని 2015లో భారత్, బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్ విడిగా కుదుర్చుకున్నాయి. భూటాన్ ఎగువసభ దాన్ని ఒప్పుకోలేదు. ఇది చిన్న విషయం కాదు. లారీ సరిహద్దు దాటలేకపోతే సరుకంతా దించి అవతలి లారీకి ఎక్కించాలి. సుంకం తగ్గి మిగిలింది హమాలీ కూలికీ, రోజుల తరబడి నిలిచిన లారీ బాడుగకీ పోతుంది.

బంగాళాఖాతం చుట్టుపక్కల దేశాల కూటమి బిమ్‌స్టెక్‌లో పాకిస్తాన్ లేదు గానీ ఏకాభిప్రాయ నియమం అక్కడా ఉంది. స్వేచ్ఛా వాణిజ్యానికి 2004లోనే ప్రాథమిక చట్ర ఒప్పందం మీద సంతకాలయ్యాయి, తుది ఒప్పందం మాత్రం ఏళ్ల తరబడి తేలలేదు. అందుకే ఇద్దరు ముగ్గురు కలిసి చేసుకునే పనుల మీదే నాకు నమ్మకం: 2024 నవంబరులో భారత గ్రిడ్ మీదుగా నేపాల్ నుంచి బంగ్లాదేశ్‌కు 40 మెగావాట్ల జలవిద్యుత్ వెళ్లింది.