ఏటికొప్పాక దారి పట్టే ముందు

చిట్టితల్లీ,

ఉద్యోగం మానేసి టూరిస్టుల్ని అరకు, లక్కబొమ్మలు చేసే ఏటికొప్పాక తిప్పుతానంటున్నావని మీ అమ్మ రాత్రి ఫోన్‌లో చెప్పింది. గుండె గుభేలుమంది. నిద్ర పట్టక లేచి కూర్చున్నాను. కాసేపటికి ఎందుకో కడుపు నిండినట్టనిపించింది. మన ఇంట్లో నా తర్వాత నీకే పట్టింది ఈ పిచ్చి.

బండి కాగితాలు, ఇన్సూరెన్సు, మందుల డబ్బా చూసుకో. చీకటి పడ్డాక అరకు ఘాట్ దిగొద్దు. బతిమాలుతున్నాననుకో, తిడుతున్నాననుకో, దిగొద్దంతే. వెళ్లేటప్పుడు పొద్దున్నే కిరండూల్ రైలెక్కించు, సొరంగాలు చూస్తారు. థింసా డాన్సు ఆడమని అక్కడి గిరిజనులెవర్నీ పొలంలోంచి పిలిపించకు. చైత్రంలో ఇటుకల పండక్కి వాళ్లే ఆడుకుంటారు, అప్పుడెళ్లి ఓ పక్కన నిలబడండి.

ఇక అసలు సంగతి. 1996లో నేను కార్లు తిప్పే రోజుల్లో ఓ హోటలువాళ్లు 20 రోజుల్లో 300 కుంకుమ భరిణెలు కావాలన్నారు. ఏటికొప్పాకలో తెలిసిన పెద్దాయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన లేతు మిషను మీద అంకుడు కర్ర తిప్పుతున్నాడు. పసుపు కలిపిన లక్క పుల్ల ఆనిస్తే, రాపిడి వేడికే లక్క కరిగి కర్ర చుట్టూ పాకుతోంది. మొగలి ఆకుతో ఒత్తాడు, నిగనిగలాడింది. "కర్ర ఆరాల, రంగు తియ్యాల, రెండు నెలలు పడతాది బాబూ" అన్నాడు.

నేనేం చేశానో తెలుసా? వైజాగ్ పూర్ణా మార్కెట్‌లో కెమికల్ రంగు డబ్బాలు కొని, నా చేత్తో తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

భరిణెలు టైముకొచ్చాయి. ఇంకో 500 అడిగారు. మూడోసారి వెళ్లేసరికి కొడుకు బ్రష్‌తో రంగు పూస్తున్నాడు. లక్క పుల్లలు చూరులో దోపి ఉన్నాయి, బూజు పట్టి. "మీ వైజాగోళ్లకి ఇదే నచ్చుతోంది గదా" అన్నాడు పెద్దాయన, మామూలుగానే. నాలుగు తిట్టినా బాగుండేది. చంటిపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలు తల్లీ అవి! జాఫ్రా గింజల్లోంచి, నీలి ఆకులోంచి రంగు తీసే చేతులవి. వాటికి డబ్బా రంగు అలవాటు చేసింది నేను. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి జీఐ గుర్తింపు, అంటే ఇవి ఆ ఊరి ప్రత్యేకత అనే ముద్ర, వచ్చిందని పేపర్లో చదివితే, నాకా చూరే కళ్ల ముందు కదిలింది. మీ అత్త చూడకుండా ఏడ్చాను.

అందుకని, ముందు వాళ్లకి ఎన్ని రోజులు కావాలో అడుగు, ఆ తర్వాతే నీ టూరు తేదీ వెయ్యి. వంద రూపాయల బొమ్మని యాభైకి అడిగేవాళ్లకి నువ్వే సర్దిచెప్పు. డబ్బు చేసినవాడి చేతికే ఇవ్వు, మధ్యలో నా లాంటివాణ్ణి పెట్టకు.

చిన్నప్పుడు లక్కపిడతల్లో ఉత్తుత్తి అన్నం వండి నాకు వడ్డించేదానివి గుర్తుందా? అందులో ఒక పిడత మీ అత్త బీరువాలో దాచింది. అంచు కాస్త చిట్లింది గానీ పసుపు రంగు అలాగే ఉంది. ఆ పెద్దాయన మనవడు మళ్లీ లక్క పడుతున్నాడట. నీ మొదటి ట్రిప్పులో నాకో సీటు ఉంచు, ముందు ఆ ఇంటికే వెళ్దాం. ఆ పిడత కూడా పట్టుకొస్తాను.

అరకు వెళ్లిన రోజు మాత్రం ఘాట్ దిగగానే ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

మీ మావయ్య