అతుకు కనిపించాల్సిందే

ప్రశ్న: ఒక నాయకుడి తలని గాలి నింపిన బెలూన్‌కి తగిలించిన ఫోటో మా బంధువుల గ్రూపులో పెట్టాను. మా పెదనాన్న "బొమ్మలు గీయడం రానివాళ్ళు చేసే పనిరా ఇది, కార్టూన్ వెయ్యాలంటే చెయ్యి తిరగాలి" అని తీసిపారేశారు. ఫోటోషాప్ చేస్తే వ్యంగ్యం కిందికి రాదా అండీ?

జవాబు: ఎందుకు రాదు? పైగా ఈ పని కంప్యూటర్ల కంటే చాలా పాతది. ఫోటోషాప్ మొదటి వెర్షన్ వచ్చింది 1990లో. జర్మనీలో జాన్ హార్ట్‌ఫీల్డ్ అనే కళాకారుడు 1932లోనే కత్తెరా జిగురూ పట్టుకుని హిట్లర్‌ని ఏకిపారేశాడు. (ఈయన అసలు పేరు హెల్ముట్ హెర్జ్‌ఫెల్డ్. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండ్ మీద ద్వేషం రెచ్చగొడుతుంటే ఒళ్ళు మండి, 1916లో కావాలనే ఇంగ్లీషు పేరు పెట్టుకున్నాడు. మొదట్నించీ అదే వరస.) ఉపన్యాసం దంచుతున్న హిట్లర్ ఫోటోకి ఛాతీ ఎక్స్‌రే అతికించాడు, లోపల చూస్తే వెన్నెముక ఉండాల్సిన చోట నాణేల దొంతర, దానికి తోడు బంగారం మింగుతాడు, చెత్త కక్కుతాడు అని ఒక వ్యాఖ్య. ఎవరి డబ్బుతో ఆ గొంతు లేస్తోందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఇదే బొమ్మ గీసి ఉంటే అభిమానులు "నువ్వే అలా వంకరగా గీశావు" అని కొట్టిపారేసేవాళ్ళు. ఫోటోలో ఆ తెరిచిన నోరు, ఆ ఆవేశం ఆయనవే కదా, ఏమంటారు? నాజీలు అధికారంలోకి వచ్చాక 1933లో హార్ట్‌ఫీల్డ్ దేశం వదిలి ప్రాగ్‌కి పారిపోవలసి వచ్చింది. జిగురు పని అంత మండించిందన్నమాట!

ప్రశ్న: మరి దొంగ ఫోటోకీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది?

జవాబు: అతుకు చూడండి. హార్ట్‌ఫీల్డ్ బొమ్మ చూసి ఇది నిజం ఎక్స్‌రే అని ఎవరూ అనుకోరు, అనుకోవాలని ఆయనా కోరుకోలేదు. 2004 అమెరికా ఎన్నికలప్పుడు అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న జాన్ కెర్రీ, నటి జేన్ ఫోండా పాతరోజుల వియత్నాం యుద్ధ వ్యతిరేక సభలో ఒకే వేదిక మీద ఉన్నట్టు ఒక ఫోటో తిరిగింది. అందులో నవ్వడానికి ఏమీ లేదు, జనం నమ్మి కెర్రీని తిట్టుకోవాలి, అంతే. 1971లో కెర్రీని ఒంటరిగా తీసిన ఫోటోగ్రాఫర్ దగ్గర నెగెటివ్ ఉండబట్టి గుట్టు రట్టయింది. సోవియట్ నేత స్టాలిన్ పక్కన నడుస్తున్న ఆయన రహస్య పోలీసుల అధిపతి యెజోవ్‌ని, అతనికి మరణశిక్ష పడ్డాక ఫోటోలోంచే మాయం చేశారు చూడండి, అదీ ఈ బాపతే.

నాకు బాగా నచ్చింది 2008 నాటి సంగతి. ఇరాన్ నాలుగు క్షిపణులు ఒకేసారి పైకి లేస్తున్న ఫోటో వదిలితే బోలెడు పత్రికలు మొదటి పేజీలో వేసేశాయి. తీరా చూస్తే అందులో ఒకటి పక్కవాటి పొగనీ దుమ్మునీ కాపీ కొట్టి అతికించింది! ఇక నెటిజన్లు ఊరుకుంటారా, అదే ఫోటోలో డజన్ల కొద్దీ క్షిపణులు కుక్కి తిప్పి పంపారు. ప్రభుత్వం చేసిన పనే వాళ్ళూ చేశారు, కాకపోతే దాచకుండా చేశారు.

ప్రశ్న: నేను చేసిన ఎడిట్‌ని కొందరు నిజమనుకుని తిట్లు లంకించుకున్నారు. డిలీట్ చెయ్యనా?

జవాబు: గప్‌చుప్‌గా తీసెయ్యకండి, తీసినా కాపీలు తిరుగుతూనే ఉంటాయి. ఇది ఎడిట్ అని అదే చోట చెప్పండి. ఈసారి వ్యాఖ్యని ఫోటో లోపలే, ముఖానికి ఆనుకుని పెట్టండి, ఎందుకంటే కింద రాసింది రెండో ఫార్వర్డ్‌కే ఊడిపోతుంది. ఎవరూ నమ్మలేనంత అతిగా చెయ్యండి, ఎటూ కాకుండా వదిలేస్తేనే ఈ టెన్షన్ అంతా. ఇంకోటి, మహిళా నాయకుల ముఖాలని బూతు బొమ్మలకి అంటించి వ్యంగ్యం అని పంపేవాళ్ళున్నారు. ఆవిడ చేసిన పని మీద ఒక్క మాటైనా ఉంటుందా అందులో? అలాంటివి దయచేసి నాకు పంపకండి, చూడను.