ఇక్కడ పలకరించే మనిషి లేరు

మేడమ్, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నా వయసు 31. మావారి ఉద్యోగం వల్ల ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ వచ్చి 14 నెలలైంది. పాపకు నాలుగేళ్లు. ఊళ్లో గుమ్మంలో నిలబడితే చాలు, వచ్చేపోయేవాళ్లంతా పలకరించేవారు. ఇక్కడ మావారు, పాప తప్ప వారమంతా నాతో మాట్లాడేవాళ్లే ఉండరు. తెలుగువాళ్ల ఫంక్షన్లలో కలిసినవాళ్లు "ఒకసారి రండి" అంటారు గానీ ఎప్పుడో చెప్పరు. మొన్న గారెలు వండి పక్కింటి పెద్దావిడకి తీసుకెళ్తే గుమ్మంలోనే థ్యాంక్స్ చెప్పి తీసుకుంది. రెండు రోజులకు బాక్సు కడిగి, లోపల చిన్న కార్డు పెట్టి, మా తలుపు ముందు వదిలి వెళ్లింది. కనీసం బెల్ కూడా కొట్టలేదు. ఆ రోజు చాలా ఏడ్చాను. పగలు మూడేసి గంటలు అమ్మతో, స్కూలు స్నేహితురాళ్లతో ఫోన్‌లోనే గడుపుతున్నాను. మావారేమో "నలుగురిలో కలవడం నేర్చుకో" అంటారు. నాలోనే లోపం ఉందంటారా?

– ఒక సోదరి

అమ్మా, ముందు ఆ కార్డు తీసి ఇంకోసారి చదవండి. అందులో ఏముందో మీరు రాయలేదు. మన వైపు ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగి ఇవ్వం. రెండు అరటిపళ్లో, గుప్పెడు పంచదారో వేసి ఇస్తాం. అందుకే కడిగిన ఖాళీ బాక్సు చూడగానే మీ మనసు చివుక్కుమంది. కానీ అక్కడి పెద్దవాళ్లు కూర్చుని చేత్తో ఒక కార్డు రాశారంటే అదే వాళ్ల పంచదార. ముందు చెప్పకుండా తలుపు కొడితే ఎదుటివాళ్లకు ఇబ్బంది అనుకునేవాళ్లు అక్కడ చాలామంది. ఆవిడ మిమ్మల్ని దూరం పెట్టిందని నాకైతే అనిపించడం లేదు. మీరూ ఒక చీటీ రాసి ఆవిడ పోస్టు డబ్బాలో వేయండి. మీ పేరు, ఫోన్ నంబరు, "శుక్రవారం పదకొండింటికి టీకి వస్తారా?" అని ఒక్క ముక్క. రోజు, టైము తప్పకుండా ఉండాలి. "ఒకసారి రండి" అనే మాట మిమ్మల్ని ఎంత బాధపెట్టిందో మీకు తెలుసు కదా.

ఇంకో మాట. ఈసారి వెళ్లినప్పుడు ఏదో ఒకటి ఇవ్వడం కాదు, ఏదో ఒకటి అడగండి. మాది విజయనగరం వైపు. పెళ్లై అమలాపురం వచ్చిన కొత్తలో నా యాస విని పక్కింటి పిల్లలు నవ్వేవారు, నేను గది దాటేదాన్ని కాదు. ఒక సాయంత్రం మా అత్తగారు నా చేతిలో చిన్న స్టీలు గిన్నె పెట్టి, పక్కింట్లో మజ్జిగ తోడు అడిగి తెమ్మన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ఇంటి పిన్నిగారు చెంచాడు తోడు వేసి, "కూర్చోమ్మా" అని కొబ్బరి కోరుతూనే అరగంట మాట్లాడారు. మర్నాడు పెరుగు తోడుకుందా అని అడగడానికి ఆవిడే వచ్చారు. గారెలు పట్టుకెళ్తే అవతలివాళ్లు థ్యాంక్స్ చెప్పి ఊరుకోవచ్చు. సాయం చేసినవాళ్లకు మాత్రం అది ఏమైందో కనుక్కోవాలనిపిస్తుంది. చెత్త డబ్బాలు ఏ రోజు బయట పెట్టాలి, చలికాలం కరివేపాకు మొక్కను ఎలా కాపాడుకోవాలి, ఇలాంటివి అడగండి చాలు.

మీలో లోపమేమీ లేదు. ఊళ్లో మీరు స్నేహితుల్ని వెతుక్కోవాల్సిన అవసరమే రాలేదు. ఒకే బెంచీ మీద ఏళ్ల తరబడి కూర్చున్నారు, ఒకే దారిలో నడిచారు. ఆ గంటలు మీరు ఎప్పుడూ లెక్కపెట్టలేదు. అమెరికాలో కాన్సాస్ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్ 2018లో లెక్కపెట్టారు. కొత్త ఊరికి మారిన పెద్దవాళ్లను కూడా అడిగి చూశారు. ముఖపరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాలట, మంచి స్నేహానికి 90 దాకా, ప్రాణస్నేహానికి 200 పైన. వారానికి రెండు గంటలు ఒకే మనిషిని కలిసినా మొదటి మెట్టుకే ఆరు నెలలు. ఫంక్షన్లో ఐదు నిమిషాలు మాట్లాడిన వాళ్లతో స్నేహం కుదరలేదని మీరు బాధపడుతున్నారు. అక్కడ గంటలెక్కడ పోగయ్యాయి?

కాబట్టి ప్రతి వారం అదే చోటికి, అదే వేళకి వెళ్లండి. మీ దగ్గరి లైబ్రరీలో పిల్లలకు కథలు చెప్పే స్టోరీటైమ్ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. ప్లేగ్రూపులో తల్లులు కూడా పిల్లలతోనే ఉంటారు. నైబర్‌హుడ్ హౌస్‌లు అనే స్థానిక కమ్యూనిటీ కేంద్రాల్లో వంట, కుట్టు, ఇంగ్లిష్ మాట్లాడే క్లాసుల లాంటివి నడుస్తాయి. శనివారం పొద్దున ఎనిమిదింటికి పార్కుల్లో పార్క్‌రన్ అని 5 కిలోమీటర్లు పరిగెత్తుతారు. పేరు రిజిస్టర్ చేసుకుంటే చాలు, ఉచితం. నడిచేవాళ్లూ ఉంటారు. అన్నిటికీ పరుగులు పెట్టకండి, ఒకటి ఎంచుకోండి. మొదటి నెలంతా మూల కూర్చుని వచ్చినట్టే అనిపిస్తుంది. మానకండి. అన్నట్టు, ఎవరైనా "బ్రింగ్ ఎ ప్లేట్" అంటే ఖాళీ ప్లేటు తెమ్మని కాదు, ఏదైనా వండి తెమ్మని. కొత్తగా వెళ్లినవాళ్లు చాలామంది దీని దగ్గర పొరబడతారు.

తెలుగువాళ్ల సంగతికొస్తే, అరవై మంది ఉన్న హాల్లో స్నేహాలు పుట్టవు. మీ పాప వయసు పిల్లలున్న ఒక్క ఆవిడను చూసుకుని "శనివారం నాలుగింటికి పార్కుకి వెళ్తున్నాం, వస్తారా?" అని మెసేజ్ పెట్టండి. ఊరి పేరు అడిగిన వెంటనే ఇంటిపేరు ఆరా తీసేవాళ్లు ఎదురైతే నొచ్చుకోకండి. వాళ్లకు కావలసింది మీరు కాదు, మీ కులం. వాళ్లను వదిలేయండి.

ఫోన్ మానమని నేననను. వేళ మార్చండి. నలుగురూ బయట దొరికే పగటిపూట మీరు ఫోన్లో ఉంటున్నారు. అక్కడ రాత్రి ఎనిమిదైతే పాలకొల్లులో మధ్యాహ్నం మూడున్నర, అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా అయితే రెండున్నర. ఎలా చూసినా అమ్మ భోంచేసి తీరిగ్గా ఉండే వేళే. కార్తీకమాసంలో క్షీరారామం దగ్గర దీపాలు పెట్టిన ఫొటోలు గ్రూపులో వచ్చినప్పుడు ఏడుపొస్తే ఏడవండి, తప్పులేదు. అయితే రోజూ ఏడుపే అయినా, నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా ఆలస్యం చేయకుండా మీ జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గరకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పండి. ఇంగ్లిష్‌లో చెప్పలేననిపిస్తే అపాయింట్‌మెంట్ అప్పుడే తెలుగు అనువాదకులు కావాలని అడగండి. ఫోన్లో అనువాదం చేసిపెట్టే ప్రభుత్వ సేవ టీఐఎస్ నంబరు 131 450. బతకాలని లేదనిపించే పరిస్థితి వస్తే లైఫ్‌లైన్ అనే హెల్ప్‌లైన్ 13 11 14కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు.

మీవారికి కూడా ఒక మాట. ఆయన పొద్దున ఆఫీసుకి వెళ్లగానే పలకరించేవాళ్లు ఉన్నారు, మీకు లేరు. "నేర్చుకో" అంటే సరిపోదు. వారంలో ఒక పూట రెండు గంటలు పాపను ఆయన చూసుకోవాలి, ఆ టైములో మీరు ఒక్కరే బయటికి వెళ్లాలి. ఈ శనివారం పొద్దుటే మొదలుపెట్టమని ఆయన్ని అడగండి.