రేడియో మొదలుపెట్టే ముందు ఇది చదువు, సింధూ

చిరంజీవి సింధుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు నీ మీద ఫిర్యాదులు చెప్పింది. ఎమ్మెస్ చదువుకోమని డాలస్ పంపిస్తే కాలేజీ రేడియోలో లాటినో పాటలు వేస్తానంటున్నావట, దాన్నే పాడ్‌కాస్ట్‌గా కూడా పెడతావట. "అన్నీ నీ పోలికలే" అని నన్ను కూడా కలిపి తిట్టింది. దాన్ని కేకలేసి ఫోన్ పెట్టేశాను గానీ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. సంతోషం ఒక పక్క, భయం ఇంకో పక్క. అందుకే ఈ ఉత్తరం.

నేను ఫ్రెస్నో దగ్గర క్లినిక్‌లో నర్సుగా చేరినప్పుడు నాకు స్పానిష్ ఒక్క ముక్క రాదు. ద్రాక్షతోటల్లో పనిచేసేవాళ్ళే నేర్పారు, పాటలతో సహా. తర్వాత ఒక చిన్న కమ్యూనిటీ స్టేషన్‌లో శనివారం రాత్రుళ్ళు ఏళ్ళ తరబడి ఆ పాటలే వేశాను. కాబట్టి నీకు చెప్పే హక్కు నాకుంది.

మైకు గురించి చెప్పేదేం లేదు. బట్టల అల్మరా తలుపు తీసి దాని ముందు కూర్చుని మాట్లాడితే గొంతు గింగురుమనదు, అంతే. గంట మారగానే స్టేషన్ పేరు, ఊరు చెప్పడం మర్చిపోకు. రెగ్గేటన్ (ప్యూర్టోరికో వైపు ర్యాప్ డాన్స్ పాటలు) వేసే ముందు పాట మొత్తం అర్థం చేసుకుని విను. రేడియోల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ వాళ్ళకి స్పానిష్‌లో బూతైనా బూతే. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకానే కాస్త వెసులుబాటు.

నువ్వు పంపిన శాంపిల్ విన్నాను. గొంతు బాగుంది, తొందర తగ్గాలి. కానీ ఏమే, ప్యూర్టోరికో గాయకుడి గురించి మాట్లాడుతూ వెనకాల మరియాచీ ట్రంపెట్లు వేశావేం? పంజాబీ పెళ్ళిలో నాదస్వరం పెట్టినట్టుంది. మరియాచీ పశ్చిమ మెక్సికోది, హలిస్కో వైపుది. ప్యూర్టోరికో వాళ్ళకి డప్పుల మీద నడిచే సొంత జానపదాలు బొంబా ఉంది, ప్లేనా ఉంది. నువ్వు రోజూ వినే బ్యాడ్ బన్నీయే 2025లో ఇచ్చిన ఆల్బమ్‌లో ఆ ప్లేనాని, సల్సాని ఎంత ముందుకు తెచ్చాడో చూడు. ఇంకోటి, వాళ్ళని "అమెరికాకి వలస వచ్చినవాళ్ళు" అన్నావు. వాళ్ళు 1917 నుంచి అమెరికా పౌరులే. ఆ ముక్క తీసెయ్. ఒకరి పాటని ఇంకొకరి ఖాతాలో వేస్తే, వినేవాళ్ళు ఫోన్ చేసి తిట్టరు. రేడియో కట్టేస్తారు.

నువ్వుండేది టెక్సస్‌లో, అక్కడి నుంచే మొదలుపెట్టు. ఒక వీకెండ్ శాన్ ఆంటోనియో వెళ్ళి కొన్హుంతో (టెక్సస్ మెక్సికన్ల అకార్డియన్ సంగీతం) వాయించేవాళ్ళ దగ్గర కూర్చో. అకార్డియన్ ఆ నేలకి జర్మన్లతో, చెక్ వాళ్ళతో వచ్చింది, పోల్కా నడక కూడా వాళ్ళతోనే వచ్చింది. 1930ల్లో నార్సిసో మార్తినేస్ ఎడమచేతి బేస్ బటన్లు దాదాపు వదిలేసి, కుడిచేత్తోనే రాగమంతా పరిగెత్తించాడు. బేస్ సంగతి పక్కన బాహో సెక్స్‌తో అనే పన్నెండు తీగల బేస్ గిటారు పట్టుకున్న సాంతియాగో అల్మేదా చూసుకునేవాడు. ఆ రెండు వాద్యాల పొత్తు మీదే తర్వాతి కొన్హుంతో అంతా నిలబడింది. ఇది నోటితో చెప్పకు, ఒక పాట వేసి మధ్యలో ఆపి, మళ్ళీ వేసి వినిపించు. లిడియా మెండోసా 1934లో పాడిన "మాల్ ఓంబ్రే" కూడా అలాగే వినిపించు. పన్నెండు తీగల గిటారు, ఆవిడ గొంతు, ఇంకేం లేవు. ఆ పాట మాటలు చిన్నప్పుడు చూయింగ్ గమ్ కాగితం మీద దొరికాయని ఆవిడే చెప్పేది.

నీ స్పానిష్ యాస గురించి టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ అంది. పడకు తల్లీ. గాయని సెలీనా టెక్సస్‌లో పుట్టి ఇంగ్లీషులో పెరిగిన పిల్ల. మొదట్లో స్పానిష్ పాటలు మాటలు బట్టీపట్టి పాడింది. రిచీ వాలెన్స్ కూడా అంతే, 1958లో "లా బాంబా" రికార్డు చేసేనాటికి ఆ అబ్బాయికి స్పానిష్ సరిగా రాదు. మెక్సికోలోని వెరాక్రూజ్ జానపదాన్ని రాక్ అండ్ రోల్ చేసి దేశమంతా పాడించాడు, పదిహేడేళ్ళకే విమాన ప్రమాదంలో పోయాడు. ఆ వయసు తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు కలుక్కుమంటుంది.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతికి వస్తాను. దీన్ని మాత్రం రెండుసార్లు చదువు.

మా స్టేషన్‌లో నాకంటే ముందు నుంచీ చేసే ప్రెజెంటర్ ఒకాయన ఉండేవాడు. మంచి గొంతు, మంచి మనసు. ఎండుద్రాక్ష సీజన్ అయిపోవచ్చిన రోజుల్లో దక్షిణ మెక్సికోలోని ఓహాకా నుంచి వచ్చిన ఒక పెద్దాయన్ని స్టూడియోకి తీసుకొచ్చాడు. మిష్టెక్ అనే అక్కడి ఆదివాసీ జాతి మనిషి. గుత్తులు కోసి, తీగల వరసల మధ్య కాగితాలు పరిచి ఆరబెట్టే పని ఆయనది. ద్రాక్ష జిగురూ మట్టీ కలిసి వేళ్ళ సందుల్లో నల్లగా పట్టేసింది, ఎంత కడిగినా పోలేదు. ఫిడేలు మాత్రం ఉతికిన తెల్ల తువ్వాలులో చుట్టి తెచ్చాడు. చిలేనాలు వాయించాడు. నేను మిక్సర్ దగ్గర ఉన్నాను, చెయ్యి కదల్లేదు.

చిలీ దేశపు క్వెకా నాట్యం పంతొమ్మిదో శతాబ్దంలో ఓడలవాళ్ళతో మెక్సికో పసిఫిక్ తీరానికి వచ్చి, అక్కడి నుంచి కొండల మీదికి ఎక్కి చిలేనా అయింది. ఆ పాట తన ఊరికి ఎలా చేరిందో అడిగి ఉంటే రాత్రంతా సరిపోయేది. మావాడు అది అడగలేదు. లైవ్‌లో, సరిహద్దు ఎలా దాటారని అడిగాడు. వినేవాళ్ళ గుండె కరగాలని తాపత్రయం. ఆ పెద్దాయనకి దాచుకోవడం తెలియదు. ఏ ఊరి దగ్గర దాటిందీ, ఎవరు దాటించిందీ, ఇప్పుడు ఏ తోటలో చేస్తున్నదీ, బావమరిది కూడా అక్కడే ఉన్నాడనీ అన్నీ చెప్పేశాడు. ఇంటిపేరుతో సహా పేరు మొదట్లోనే చెప్పించారు.

తర్వాతి వారం ఆయన భార్య స్టేషన్‌కి వచ్చింది. కూలీల్ని తోలే కాంట్రాక్టరు ఇద్దర్నీ ఇక రావద్దన్నాడట. ఎవరైనా ఫిర్యాదు చేశారో, వాడే భయపడ్డాడో ఆమెకీ తెలియదు. గది ఖాళీ చేసి ఉత్తరాన ఆపిల్ తోటలకి పోతున్నామంది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ మాటలు ఇంకా ఎక్కడైనా ఉన్నాయా అని మాత్రం అడిగింది. ఉన్నది ఒకటే క్యాసెట్. మావాడు బీరువాలోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. అట్ట మీద ఆయన పేరు నీలం ఇంకుతో రాసి ఉంది. ఆ అట్ట కూడా అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి పర్సులో వేసుకుంది. ఆయన వాయించిన చిలేనాలు కూడా ఆ క్యాసెట్‌తోనే పోయాయి.

అది రేడియో కాబట్టి, చేతికివ్వడానికి ఒక క్యాసెట్ ఉంది. నీ పాడ్‌కాస్ట్‌కి అది ఉండదు. ఒకసారి ఫీడ్‌లో పెట్టాక ఎవరి ఫోన్‌లోకి దిగిందో నీకు తెలియదు. నువ్వు తీసేసినా వాళ్ళ దగ్గర ఉంటుంది. పైగా ఇప్పుడు యాప్‌లు మాటల్ని వాటంతట అవే రాతలోకి మారుస్తున్నాయి. పేరు కొట్టి వెతికితే చాలు. అందుకని లైవ్‌లో కొత్త అతిథిని కూర్చోబెట్టకు. ముందు రికార్డు చెయ్యి, ఇద్దరూ కలిసి వినండి, ఏది వద్దంటే అది కోసెయ్, ఎందుకని అడక్కు. ముద్దుపేరు చాలు. పనిచేసే చోటు, పిల్లల బడి, ఉండే వీధి ఏదీ వద్దు. కోసేసిన ముక్క ఒరిజినల్ ఫైల్‌లో కూడా ఉండకూడదు. వీసా కాగితాల సంగతి వాళ్ళంతట వాళ్ళు ఎత్తినా సరే, మైకు ఆపి మాట్లాడు.

నాది ముసలి భయం అనుకోకు. లాస్ ఏంజెలెస్‌లో తెల్లవారుజామున నాలుగింటికి, కూలికెళ్ళేవాళ్ళ కోసం స్పానిష్‌లో రేడియో నడిపిన పేద్రో గొన్సాలెస్ కథ చదువు. మెక్సికో విప్లవ నాయకుడు పాంచో వీయా దగ్గర టెలిగ్రాఫ్ పనిచేసిన మనిషి. పాటల మధ్యలో, మెక్సికన్లని రైళ్ళెక్కించి వెనక్కి పంపేస్తున్నారని మాట్లాడాడు. 1934లో తప్పుడు కేసు పెట్టి జైల్లో వేశారు, 1940లో వదిలి దేశం దాటించారు. ఆయన తియువానా వెళ్ళి అక్కడ కూడా రేడియోయే పెట్టాడు. మా లోయలో 1980 జూలై 4న మొదలైన రేడియో బిలింగ్వే కూడా గుర్తుపెట్టుకో. ఓహాకా నుంచి వచ్చిన మిష్టెక్ కుటుంబంలో పుట్టి, హార్వర్డ్‌లో లా చదివిన హ్యూగో మొరాలెస్ పెట్టినది. స్పానిష్, ఇంగ్లీషు, మిష్టెక్ మూడు భాషల్లోనూ వినిపిస్తుంది. ఆ రోజు ఆ పెద్దాయన్ని మిష్టెక్‌లో మాట్లాడనిచ్చేవాళ్ళే పక్కన ఉంటే ఎంత బాగుండేదో.

పాటల హక్కులు వేరే తలనొప్పి. రేడియోలో పాట వేస్తే స్టేషన్ కట్టే లైసెన్సులు కాస్తాయి, పాడ్‌కాస్ట్‌కి అవి చెల్లవు. పాట మొత్తం పెట్టాలంటే రికార్డు కంపెనీ దగ్గరా, రాసినవాళ్ళ దగ్గరా రాతపూర్వకంగా అనుమతి కావాలి. నీ మాటలు, పాటలు వేరువేరు ట్రాకుల్లో దాచు. లేకపోతే ఒక పాట కోసం ఇంటర్వ్యూ మొత్తం తీసెయ్యాల్సొస్తుంది. ఊళ్ళో చిన్న బ్యాండ్లని అడుగు, సంతోషంగా ఇస్తారు, ఆ ఇచ్చినట్టు మెయిల్‌లో రాయించుకో.

ఇది మీ అమ్మకి చెప్పకు గానీ, నాకున్న ఇంకో భయం నీ వీసా. జీతం లేకుండా కాలేజీ స్టేషన్‌లో చెయ్యడం వేరు. పాడ్‌కాస్ట్‌కి ఎవరో ప్రకటన డబ్బులిస్తామంటే ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్న పిల్లవి, చెయ్యి చాపకు. ఇంటర్నేషనల్ ఆఫీసులో వీసా సంగతులు చూసే డీఎస్‌ఓని అడగకుండా డాలరు కూడా తీసుకోవద్దు.

రాత్రి పూట స్టేషన్ నుంచి ఒక్కదానివే నడిచి రాకు. ఏదైనా తిని వెళ్ళు, ఖాళీ కడుపుతో మాట్లాడితే గొంతు వణుకుతుంది. నా దగ్గరున్న ఎల్పీలు నీకే, పోస్టులో పంపను, థాంక్స్‌గివింగ్‌కి వచ్చి తీసుకెళ్ళు. మీ అమ్మని నేను చూసుకుంటాను. మొదటి ప్రోగ్రామ్ ఏ రోజో చెప్పు. మీకు రాత్రి పదంటే మాకు ఎనిమిదే, పెదనాన్న కూడా మెలకువగా ఉంటారు. మొదటి పాట ఏది వేస్తావో మాత్రం ముందే చెప్పకు.

ప్రేమతో,
నీ పెద్దమ్మ