పాత కార్డు అంకెలు పెద్దవి, మరి కొత్తదెందుకు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు, గేములు ఆడతాడు, వీడియో ఎడిటింగ్ కూడా చేస్తాడు. మా కంప్యూటర్‌లో ఇంటెల్ ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్ ఉంది. పెదవాల్తేరులో ఉండే మా బావమరిది తన పాత జీటీఎక్స్ 1080 టీఐ గ్రాఫిక్స్ కార్డును తక్కువ ధరకు ఇస్తానంటున్నాడు. ద్వారకానగర్‌లోని దుకాణంవారు మాత్రం ఆర్‌టీఎక్స్ 4060 తీసుకోమంటున్నారు. కోర్లు, బస్ వెడల్పు, బ్యాండ్‌విడ్త్, మెమరీ అన్నింటిలోనూ పాతదే ముందుండగా కొత్తది మేలని ఎలా అంటున్నారు?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీరు చూసిన అంకెలు సరైనవే. 2017లో వచ్చిన 1080 టీఐలో 3584 కోర్లు, 352 బిట్ల బస్ (చిప్‌కు, కార్డు మెమరీకి మధ్య దారి వెడల్పు), సెకనుకు 484 జీబీ బ్యాండ్‌విడ్త్ (ఆ దారిలో డేటా సాగే వేగం), 11 జీబీ మెమరీ ఉన్నాయి. 2023 నాటి 4060లో అవి వరుసగా 3072, 128, 272, 8. అయితే వీటిలో చాలా అంకెలు ఒకే తరం కార్డులను పోల్చుకోవడానికి తప్ప పనికిరావు.

కోర్ల సంఖ్యను క్లాక్ వేగంతో కలిపి చూడాలి. పాత కార్డు బూస్ట్ వేగం 1582 మెగాహెర్ట్జ్ కాగా కొత్తదానిది 2460. ఒక్కో కోరు ప్రతి క్లాక్‌కు రెండు లెక్కలు చేస్తుంది కనుక, గుణించి చూస్తే పాతది సెకనుకు సుమారు 11.3 లక్షల కోట్ల లెక్కలు, కొత్తది 15.1 లక్షల కోట్ల లెక్కలు చేయగలవని తేలుతుంది. గేముల్లో ఇంత తేడా కనిపించదు; రే ట్రేసింగ్ (కాంతి దారిని లెక్కగట్టి నీడలు, ప్రతిబింబాలు చూపే పద్ధతి) లేకుండా ఫుల్ హెచ్‌డీలో ఆడితే కొత్తది కొద్దిగా ముందుంటుంది, అంతే.

బ్యాండ్‌విడ్త్ సంగతి ఇంకా ఆసక్తికరం. పాత చిప్‌లో ఎల్2 కాష్ (చిప్ లోపలే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ) 3 ఎంబీ కూడా లేదు, కొత్తదానిలో 24 ఎంబీ ఉంది. కావలసిన డేటాలో ఎక్కువ భాగం చిప్ లోపలే దొరకడం వల్ల మెమరీ దాకా వెళ్లే అవసరం తగ్గి, ఇరుకైన బస్‌తోనే పని జరిగిపోతుంది. 4కే మానిటర్ మీద మాత్రం కాష్ చాలక ఆ ఇరుకు బయటపడుతుంది.

మెమరీ పరిమాణానికి ఇలాంటి సర్దుబాటేమీ లేదు. 11 జీబీ ఎప్పటికీ 8 జీబీ కన్నా ఎక్కువే. పైగా 4060 పీసీఐఈ స్లాట్‌లో (కార్డును మదర్‌బోర్డుకు కలిపే గాడి) 16 లేన్లకు (డేటా దారులకు) బదులు 8 మాత్రమే వాడుకుంటుంది, ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉన్న మీ మదర్‌బోర్డు పీసీఐఈ 3.0 తరానిది. అందువల్ల కార్డుకు, ర్యామ్‌కు మధ్య వేగం సెకనుకు 16 జీబీకి బదులు దాదాపు 8 జీబీకి పడిపోతుంది. మామూలుగా ఇది తెలియదు గాని, కార్డులోని 8 జీబీ నిండిపోయి టెక్స్‌చర్లను (ఆటలో వస్తువుల ఉపరితలాల చిత్రాలను) ర్యామ్ నుంచి తెచ్చుకోవలసి వచ్చినప్పుడు ఆట కుదుపులతో నడుస్తుంది. దుకాణంవారు ఈ మాట చెప్పి ఉండరు.

ఇక వాట్లు: పాతది 250, కొత్తది 115. పాతదానికి 8 పిన్‌లు, 6 పిన్‌ల కనెక్టర్లు రెండూ ఉన్న మంచి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు విద్యుత్ అందించే పెట్టె) కావాలి; మే నెల ఉక్కపోతలో గదిలోకి వచ్చే వేడి సంగతి మీకే తెలుస్తుంది.

అసలు నిర్ణయం మీ పట్టికలో లేని అంశాల మీద ఆధారపడి ఉంది. 1080 టీఐలో రే ట్రేసింగ్ కోర్లు, ఏఐ లెక్కలు చేసే టెన్సర్ కోర్లు లేవు. కాబట్టి డీఎల్‌ఎస్‌ఎస్ (తక్కువ రిజల్యూషన్ చిత్రాన్ని ఏఐతో పెంచి ఆట వేగం పెంచే సదుపాయం) రాదు, హార్డ్‌వేర్ రే ట్రేసింగ్ తప్పనిసరి చేసిన ఇటీవలి కొన్ని గేములు దానిమీద మొదలే కావు. ఏవీ1 (వీడియోను కుదించే ఒక కొత్త పద్ధతి) వీడియోను కొత్త కార్డు స్వయంగా ఎన్‌కోడ్ చేస్తుంది, పాతది డీకోడ్ కూడా చేయలేదు. 1080 టీఐ చెందిన పాస్కల్ తరం కార్డులకు కొత్త గేముల కోసం ఈ చిప్‌ల తయారీ సంస్థ ఎన్విడియా ఇచ్చే డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి. భద్రతా సవరణలు మాత్రం 2028 అక్టోబరు దాకా వస్తాయని ప్రకటించింది.

ఈ రెండింటిలోనే ఎంచుకోవాలంటే 4060 తీసుకోండి. అయితే మీ బోర్డును బట్టి నేను ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ కార్డును కూడా చూడమంటాను. 4060 అంత వేగం, ఏవీ1 ఎన్‌కోడింగ్ ఇందులో ఉండవు, 170 వాట్లు తీసుకుంటుంది. కాని 16 లేన్లు, సరిపడా మెమరీ, డీఎల్‌ఎస్‌ఎస్ ఉన్నాయి. అదే పేరుతో 128 బిట్ల బస్ ఉన్న 8 జీబీ రకం కూడా అమ్ముతారు కనుక పెట్టె మీద 12 జీబీ అని చూసుకున్నాకే డబ్బు కట్టండి.

బావమరిది కార్డే తీసుకోవాలనుకుంటే, పెదవాల్తేరు సముద్రపు గాలిలో ఇన్నేళ్లు ఉన్న వస్తువు కాబట్టి హీట్‌సింక్ రెక్కల మీద, స్క్రూల మీద తుప్పు ఉందేమో ముందుగా చూడండి. తర్వాత అరగంట సేపు బరువైన గేము నడిపించి ఉష్ణోగ్రతను గమనించండి.