చిన్న కాలేజీ ప్రొఫెసర్లు ‘ఉత్త పాఠాలు చెప్పేవాళ్లే’నా?

ప్రశ్న: మా అబ్బాయికి అమెరికాలో ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో సీటొచ్చింది. అక్కడి ప్రొఫెసర్లు రీసెర్చ్ చేయరు, ఉత్త పాఠాలే చెబుతారంటున్నారు. పెద్ద యూనివర్సిటీ వదులుకుంటే నష్టపోతాడా?

అలాంటి కాలేజీలోనే, అంటే ఆర్ట్స్‌తోపాటు సైన్సూ లెక్కలూ కూడా ముఖ్యంగా డిగ్రీ వరకే చెప్పే చోట, నాలుగేళ్లు లెక్కలు చెప్పానండీ, మిడ్‌వెస్ట్‌లో. అంతకుముందు పీహెచ్‌డీ చేసింది పెద్ద స్టేట్ యూనివర్సిటీలో. అక్కడ కాల్‌క్యులస్ క్లాసంటే రెండు వందల మంది. లెక్చర్ ప్రొఫెసర్‌గారిది, డౌట్లు తీర్చడం, పేపర్లు దిద్దడం టీఏలది (టీచింగ్ అసిస్టెంట్లది), అంటే పీహెచ్‌డీ చేస్తున్న మాది. చిన్న కాలేజీలో ఆ టీఏలుగా పెట్టుకోవడానికి పీహెచ్‌డీ స్టూడెంట్లే ఉండరు. ఇరవై మందికి పాఠం చెప్పేదీ, హోంవర్క్ దిద్దేదీ, తర్వాత రికమండేషన్ లెటర్ రాసేదీ ఒక్కరే.

చేరిన మొదటి సెమిస్టర్‌లో ఒక సీనియర్ ప్రొఫెసర్ వచ్చి నా క్లాసులో వెనక కూర్చున్నారు. అక్కడ అది మామూలే. టెన్యూర్, అంటే పర్మనెంట్ ఉద్యోగం, ఇచ్చేటప్పుడు ముందు చూసేది పాఠం ఎలా చెబుతున్నామనే. క్లాసయ్యాక ఆయన, “నువ్వు ప్రశ్న అడిగి ఎంతసేపు ఆగుతున్నావో వాచీ చూశాను. రెండు సెకన్లు. జవాబు కూడా నువ్వే చెప్పేస్తున్నావు” అన్నారు. మన ఇంటర్ కాలేజీల్లో పెరిగినవాణ్ణి, “అర్థమైందా?” అనడం ఊపిరి తీసుకోవడానికే అనుకునేవాణ్ణి! మర్నాటి నుంచి మనసులో పది లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆరు దగ్గరే నాకు చెమటలు పట్టేవి. ఎనిమిదికో తొమ్మిదికో ఎవరో ఒకరు నోరు విప్పేవారు, ఎక్కువసార్లు తప్పు జవాబుతో. ఆ తప్పు పట్టుకుంటేనే వాళ్లు ఎక్కడ ఆగిపోయారో నాకు తెలిసేది.

రీసెర్చ్ చేయరన్నది సగమే నిజం. సెమిస్టర్‌కు మూడు కోర్సులు చెప్పేవాళ్లం కాబట్టి మా రీసెర్చ్ పేపర్లు తక్కువే. కానీ వేసవిలో ఇద్దరు ముగ్గురు డిగ్రీ పిల్లల్ని పెట్టుకుని పని చేసేవాళ్లం. పెద్దచోట ఆ పని పీహెచ్‌డీవాళ్లకు పోతుంది. పైగా పాఠాలు చెప్పేవాళ్లకు కొత్త విషయాలు తెలియవనుకోకండి. అయోవాలోని గ్రిన్నెల్ కాలేజీలో గ్రాంట్ గేల్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ఉండేవారు. ట్రాన్సిస్టర్ (రేడియో కాదు, చిప్‌లలో ఉండే చిన్న ఎలక్ట్రానిక్ భాగం) సంగతి 1948లో బయటికొస్తే, ఆయన వెంటనే దాన్ని తన క్లాసులోకి తెచ్చేశారు. అది విన్న పిల్లల్లో రాబర్ట్ నోయిస్ ఒకడు. 1949లో డిగ్రీ పూర్తి చేసి, 1968లో చిప్‌ల కంపెనీ ఇంటెల్ పెట్టినవారిలో ఒకడయ్యాడు. అందరూ నోయిస్‌లు కారు లెండి.

ఇబ్బందులూ ఉన్నాయి. మా డిపార్ట్‌మెంట్‌లో ఉన్నది నలుగురం. టోపాలజీ అనే పైస్థాయి లెక్కల కోర్సు రెండేళ్లకోసారే చెప్పేవాళ్లం, అది నడిచిన ఏడాది ఒక సెమిస్టర్ కోసం విదేశానికి వెళ్లిన అమ్మాయికి అది తప్పిపోయింది. ఒక ప్రొఫెసర్‌తో పడకపోయినా తప్పించుకునే దారి ఉండదు, మళ్లీ ఆయనే ఎదురవుతారు. చాలా కాలేజీల్లో ఇంజనీరింగే ఉండదు. మీవాడు మెకానికలో సివిలో కావాలంటుంటే ఈ చర్చే అక్కర్లేదు.

సైన్సో లెక్కలో ఎకనామిక్సో అయితే మాత్రం సీటు ఖాయం చేసుకునేముందు కాలేజీ వెబ్‌సైట్‌లో గత మూడేళ్లలో ఏ పైస్థాయి కోర్సులు నిజంగా నడిచాయో చూడండి. కేటలాగ్‌లో పేర్లు చాలానే ఉంటాయి. వీలైతే ఒక క్లాసులో కూర్చోనివ్వమని మెయిల్ పెట్టమనండి, సాధారణంగా కాదనరు.