చిగుళ్ల నెత్తురు చూసి బెదరకు

చిరంజీవికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీవు సిగరెట్లు మానదలచావని, ముందు వేప్‌కు, అంటే ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్‌కు మారి, తర్వాత దానినీ వదిలేస్తానంటున్నావని మీ నాన్న చెప్పాడు. ఆ బుద్ధి నీకు 26 ఏళ్లకే పుట్టినందుకు గర్వపడ్డాను. నాకు నలభై దాటాక గాని పుట్టలేదు. అయితే ఆ వేప్ మాట విన్నప్పటినుంచి మనసు కుదురుగా లేదు.

రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్‌తో పళ్లు తోముకో, ఒకసారి దంతవైద్యులకు చూపించి గార తీయించుకో. ఇవి నీకు తెలిసినవే.

తెలియవలసినది వేరే ఉంది. నేను మొదటిసారి మానినప్పుడు, కొన్ని వారాలకు ఉమ్మిలో నెత్తురు కనబడింది. 20 ఏళ్లు కాల్చినా ఏనాడూ చుక్క నెత్తురు చూడనివాడిని, మానగానే ఇదేమిటని హడలిపోయి, నా చిగుళ్లకు ఇన్నాళ్లూ సిగరెట్టే కాపలా కాసిందని నిర్ణయించుకుని, ఆ సాయంత్రమే మళ్లీ అంటించాను. (చదువుకున్నవాడి తర్కం చూడు!) నిజానికి పొగాకులోని నికోటిన్ చిగుళ్లలోని సన్నని రక్తనాళాలను బిగించేస్తుంది, అందువల్ల లోపల జబ్బు ముదురుతున్నా ఎరుపు గాని నెత్తురు గాని పైకి అంతగా కనబడవు. మానిన తర్వాత రక్తప్రసరణ మళ్లీ దారిలో పడుతున్నప్పుడు, అంతదాకా దాగిన జబ్బు కంటబడుతుంది. అది తెలియక నేను మరో ఆరేళ్లు కాల్చాను. నొప్పి లేదు, నెత్తురు లేదు. ఒకనాడు కింది ముందుపన్ను నాలుక తగిలితే ఊగింది. ఎక్స్‌రే తీసిన దంతవైద్యురాలు, పన్నును పట్టి ఉంచే ఎముక సగానికి పైగా కరిగిపోయిందని, అది దానంతట అది తిరిగి పెరగదని చెప్పింది. ఐదు పళ్లు పోయాయి.

వేప్‌లో పొగాకు మండదు గనుక తారు ఉండదని నీవంటే కాదనను. కానీ ఆ ద్రవంలో నికోటిన్ ఉంటే చిగుళ్లకు బిగింపు తప్పదు. పైగా అందులోని ప్రొపిలీన్ గ్లైకాల్ అనే రసాయనం నోటిలోని తడిని లాగేస్తుంది. లాలాజలం తగ్గితే పళ్లమీది ఆమ్లాన్ని కడిగే దిక్కు లేక పుచ్చు త్వరగా పడుతుంది. సిగరెట్ చివరిదాకా కాలితే ఆరిపోతుంది, ఈ పరికరం చేతిలో ఉన్నంతసేపూ ఎన్ని పీల్పులు పీల్చావో లెక్క తెలియదు. నా భయమంతా అక్కడే. సిగరెట్ మానడానికి చర్మానికి అంటించే ప్యాచ్‌లోనూ నికోటిన్ ఉన్నా, వారాలవారీగా మోతాదు తగ్గించే పద్ధతి ఉంటుంది. దాని గురించి ముందు వైద్యులను అడుగు. నోటిలో తుడిచినా పోని తెల్లమచ్చ గాని, రెండు వారాలకూ మానని పుండు గాని కనబడితే నాకు చెప్పడానికి కూడా ఆగక వెళ్లి చూపించుకో.

నెత్తురు కనబడిన రోజున మాత్రం, ఏ వేళైనా సరే, లైటర్ వెతకకముందు నాకు ఫోన్ చెయ్యి నాయనా. కట్టుడు పళ్లు తీసి పడుకున్న వేళైతే నా మాట తడబడుతుంది, నవ్వకు.

ఇట్లు,
మీ పెదనాన్న